శ్రద్ధ లేని సాలు

ఏమప్పా, నవ్వుకోవడానికి ఏదైనా చెప్పమన్నారు గదా, వినండి. పోయిన నెల మా బడి వెనక, అరవై మంది పిల్లోళ్ళ ముందర, ఇన్‌స్పెక్టర్ ముందర, కంచె బయట నిలబడిన ఊరందరి ముందర, నా చేత్తో నేనే ఒక శెనక్కాయ చెట్టు పీకినాను. ఆ పొద్దు నేను పడిన సిగ్గు ఇంతా అంతా కాదు. ఇప్పుడైతే తలుచుకుంటే నాకే నవ్వొస్తాండాది. టీ తాగుతా వినండి, చల్లారిపోతే నన్ననొద్దండి.

మీకు తెలియంది కాదు, నేను పుట్టింది, పెరిగింది ఈ తాడిపత్రిలోనే. మా నాయనది బట్టలంగడి. శెనక్కాయల్లో నాకు తెలిసినవి రెండే రకాలు: వేయించినవి, ఉడకబెట్టినవి. అవి యాడ కాస్తాయి, ఎట్లా కాస్తాయి అని చూసే పని నాకెప్పుడూ పడలేదు. చూడకపోయినా చెప్పడం మాత్రం మానలేదులే! కంబదూరు పక్క పల్లెలో నేనే హెడ్మాస్టరు, పద్నాలుగేండ్లుగా మూడో తరగతికి పాఠం చెప్తాండా. "ముల్లంగి, గెణుసుగడ్డ, శెనక్కాయ. ఇవన్నీ వేళ్ళకు కాసేవి. అనండి!" పిల్లోళ్ళు అనేవాళ్ళు.

రెండేండ్ల కిందట ఒక్క పిల్ల మాత్రం అనలేదు. సుంకమ్మని, బక్కగా ఉంటాది, కండ్లు మాత్రం ఇంతింత. లేచి నిలబడి, "అయివారా, వేళ్ళకు కాదంట. ఊడలకు కాస్తాయంట. మా నాయన చెప్పినాడు" అనింది.

"ట్రైనింగ్ అయింది మీ నాయనా, నేనా?"

"మీరే అయివారా."

"అయితే బెంచీ ఎక్కు!"

గంట కొట్టేదాకా దింపలేదు. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతా? క్లాసు మొత్తం చేత అరిపించినాను: "అయివారు చెప్పిందే రైటు!" ఆ పొద్దు మొదలు రోజూ ప్రార్థన అయినంక ఈ మాట ఒకసారి అందరి చేతా అనిపించేవాణ్ణి. చెవికి ఎంత బాగుండేదో! క్రమశిక్షణ అనుకున్నాను. బడంతా పాకిపోయింది ఆ మాట. ఎవరూ ఏదీ అడగడం మానేసినారు. ఎంత హాయి!

ఇట్లా ఉండగా ఈ ఏడు మా బడిని బేసిక్ బడి చేసినారు. అంటే పుస్తకమొక్కటే చదువు కాదు, పిల్లోళ్ళు చేతుల్తో పని చేసి నేర్చుకోవాలని. నూలు వడకాల, తోట పెంచాల. దానికోసం మాకు ఆరు వారాలు ట్రైనింగ్ ఇచ్చినారు. నలభై రెండేండ్ల వయసులో మళ్ళీ నేను బెంచీలో కూర్చోవడమా అని మొదట్లో మూతి ముడుచుకున్నాను. ఆరు వారాల్లో నా చెవిలో దూరింది ఒకే ఒక్క మాట. తోటపని చెప్పే ఆయన, టమాటా చెట్లకు పక్క పిలకలు గిల్లేస్తే చెట్టు బలమంతా కాయకు పోతాది అన్నాడు. ఆ మాట భలే నచ్చింది నాకు. డైరీలో ఎర్రసిరాతో రాసుకున్నాను. టమాటా అనే మాట మాత్రం రాసుకోలేదు, చూడండి నా తెలివి!

ఇంక అసలు సంగతి. మా ఊరి బడి అయిదో తరగతితో సరి. ఆరు చదవాలంటే ఆరు మైళ్ళు నడిచి కంబదూరు పోవాల. మగపిల్లోళ్ళు నలుగురో అయిదుగురో పోతారు. ఆడపిల్లను అంత దూరం పంపే ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు. ఈ ఏడు అయిదో తరగతిలో ఆడపిల్లలు ఏడుగురు, అందులో సుంకమ్మ ఒకతి. ఆరో తరగతి ఇప్పించండి మహాప్రభో అని మూడేండ్లుగా అర్జీలు పెడతాంటే, చివరికి ఇన్‌స్పెక్టర్ ఒక మాట అన్నాడు. "కాయ పీకే టయానికి వచ్చి మీ బడి తోట చూస్తా. బేసిక్ పని బాగుంటే ఆరో తరగతికి రాస్తా. లేకుంటే ఇంకో బడి చూసుకుంటాం."

అంటే ఏడుగురు ఆడపిల్లల చదువు ఆ శెనక్కాయల మీద పడింది. శెనక్కాయలేమో నా మీద పడినాయి!

మా తోటంటే ఏమనుకున్నారు? బడి వెనక ఎర్రమట్టి, గులకరాళ్ళు, చుట్టూ కంపకంచె. మొత్తం పన్నెండు సాళ్ళు. బావి లేదు, పైనున్నాయన దయ. మొదటి వాన పడంగానే విత్తనం వేసినాం. వేసినాం అంటే నేను గొడుగు పట్టుకుని నిలబడినాను, వేయించింది మరియమ్మ.

మరియమ్మ ఎవరంటే, ఆదివారం పగలు నేను పెద్దోళ్ళకు అక్షరాలు చెప్తాను గదా, ఆ క్లాసులో అందరికన్నా పెద్దది. యాభై దాటింటాయి. పొద్దున చర్చికి పోయి, అట్నుంచి అటే పలక పట్టుకుని వచ్చేది. పుట్టినప్పటి నుంచి కూలి పనే, చేతులు కొయ్యబారిపోయినాయి, బలపం పట్టుకుంటే పుటుక్కున ఇరిగేది. ఆమె బిడ్డను యాడికి అనే ఊళ్ళో ఇచ్చినారు. బిడ్డ జాబు రాస్తే చదివిపెట్టమని పోస్టాయన్ను బతిమాలుకోవాల. "నా బిడ్డ నాకు చెప్పే మాట మొదట నా చెవిన పడాల గాని, పోస్టాయన చెవిన పడేదేమి అయివారా?" అనేది. అందుకే వచ్చింది బడికి. నేనేమో, "ఈ వయసులో నీకు గుణింతం యాడ ఎక్కుతాది మరియమ్మా" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె నవ్వి, పలక తుడిచి మళ్ళీ రాసేది. ఎగతాళి పట్టించుకునే తీరిక లేదు ఆమెకు.

విత్తినంక నెలకు పసుపచ్చగా పూత వచ్చింది. అప్పుడే బిడ్డ కాన్పని మరియమ్మకు యాడికి నుంచి కబురొచ్చింది. పోతా పోతా కంచె దగ్గర నిలబడి చెప్పింది.

"అయివారా, పూత పట్టినాది. ఇంక మట్టి కదిలియ్యద్దండి. చెట్టు జోలికే పోవద్దండి. దాని పని అది చేసుకుంటాది."

"నువ్వు ముందు వత్తులు నేర్చుకో మరియమ్మా. సేద్యం నేను చూసుకుంటా."

"సరే అయివారా" అని మూట నెత్తిన పెట్టుకుని పోయింది.

ఆమె పోయిన పది దినాలకు చూస్తి గదా, పూత రాలిన చోటల్లా సన్నగా, దారాల మాదిరి ఏవో బయల్దేరి కిందికి వంగి మట్టిలోకి దూరుతాండాయి! చెట్టు చెట్టుకూ పదీ ఇరవై! ఎర్రసిరా మాట గుర్తొచ్చింది. పక్క పిలకలు! బలమంతా ఇవి లాక్కుంటే వేళ్ళకు కాయలెట్లా కాస్తాయి?

వెంటనే పిల్లోళ్ళను పిలిచి, "ఈ దారాలన్నీ గిల్లేయండి" అన్నాను.

అరవై మందీ ఒకరి మొగాలొకరు చూసుకున్నారు. సుంకమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకునింది.

"ఏమన్నా సందేహమా?"

"లేదు అయివారా!"

అరవై గొంతులు ఒక్కటే మాట! నా క్రమశిక్షణకు నేనే మురిసిపోయినాను. మా నాయన అంగట్లో గుడ్డలు కత్తిరించే పాత కత్తెర తెచ్చి పెద్దపిల్లోళ్ళకు ఇచ్చినాను. చిన్నోళ్ళు గోళ్ళతో గిల్లినారు. అప్పటికే మట్టిలోకి దిగినవాటిని పైకి లాగి మరీ తీసినారు. అది మొదలు ప్రతి శనివారం డ్రిల్లు పీరియడ్‌లో శెనక్కాయ చెట్లకు క్షవరం! ఒకరోజు పక్క చేని రైతు కంచె మీద నుంచి తొంగి చూసి, "ఏం చేస్తాండారు అయివారా?" అన్నాడు.

"కొత్త పద్ధతి. ట్రైనింగ్‌లో నేర్పినారు."

"ఓహో, సర్కారోళ్ళదా" అని గడ్డం గోక్కుంటా పోయినాడు. సర్కారు కొత్త రకం విత్తనమేమన్నా ఇచ్చిందేమో అనుకున్నాడంట పాపం.

అంతటితో ఆగితే ఎంత బాగుండేది! నేనాగలేదు. ఇన్‌స్పెక్టర్‌కు తేడా తెలియాల గదా అని, కంచె పక్కనున్న పన్నెండో సాలును మాత్రం ముట్టుకోకుండా వదిలిపెట్టించినాను. మరియమ్మ చెప్పినట్టు దాని జోలికే పోలేదు. అంతే కాదు, రెండు చెక్కలకు సున్నం కొట్టించి, నా చేత్తో నల్లరంగుతో గుండ్రటి అక్షరాలు రాసినాను. పదకొండు సాళ్ళ ముందర 'శ్రద్ధగా పెంచిన సాళ్ళు'. ఆ ఒక్క సాలు ముందర 'శ్రద్ధ లేని సాలు'. మరియమ్మ తిరిగొచ్చినంక చూపించి బుద్ధి చెప్పాలనే ఉద్దేశం కూడా ఉండె, దాచుకోవడమెందుకు.

ఈ ఏడు వాన కూడా మమ్మల్ని కరుణించింది. చెట్లు పచ్చగా, గుబురుగా, నా పదకొండు సాళ్ళు దువ్విన తలకాయల మాదిరి ఎంత ముద్దుగా ఉన్నాయో! పన్నెండో సాలు చూస్తే చింపిరిగా, చిందరవందరగా.

వచ్చినాడు ఇన్‌స్పెక్టర్. పంచె, కోటు, సైకిలు. మాటలు తక్కువ మనిషి. పిల్లోళ్ళ పలకలు చూసినాడు, నూలు చూసినాడు, తల ఊపినాడు. "ఇంక తోట చూస్తాంపా" అన్నాడు. ఊరంతా కంచె బయట చేరింది. నేను గొంతు సవరించుకుని, "పెద్దలారా, మట్టిలో దాగిన ఫలం శ్రద్ధకు మాత్రమే దొరుకుతుంది" అని ఒక ఉపన్యాసం మొదలుపెట్టినాను. రాత్రంతా బట్టీ పట్టింది! అయినంక వంగి, శ్రద్ధగా పెంచిన సాలులో అన్నిటికన్నా గుబురు చెట్టు చూసి, మొదలు పట్టుకుని పీకినాను.

వచ్చింది చెట్టు. వేళ్ళొచ్చినాయి. మట్టి రాలింది. కాయల్లేవు.

వేళ్ళకు మాత్రం ఆవగింజలంత బుడిపెలు ఉన్నాయి, శెనక్కాయ వేళ్ళకు ఎప్పుడూ ఉండేవేనంట అవి. నేను వెనక్కి తగ్గుతానా? "చూడండి సార్, పిందెలు! ఇంకో వారానికి ఊరతాయి" అన్నాను. కంచె బయట ఎవరో ఖళ్ళుమని దగ్గినారు. ఇంకో చెట్టు పీకినా. అంతే. ఇంకోటి. దానికొక్క కాయ దొరికింది, కత్తెరకు దొరక్కుండా తప్పించుకున్నది. ఏడుగురు ఆడపిల్లలు వరుసగా నిలబడి నన్నే చూస్తాండారు. వాళ్ళ మొగాలు చూడలేకపోయినాను.

సరిగ్గా అప్పుడు కంచె అవతల నుంచి ఒక గొంతు. నిదానంగా, ఒక్కొక్క అక్షరమే.

"శ్ర... ద్ధ... లే... ని... సా... లు."

మరియమ్మ! ఆ పొద్దే యాడికి నుంచి వచ్చి, కంబదూరులో బస్సు దిగి, నడుచుకుంటా నేరుగా ఈడికే వచ్చినట్టుండాది. నెత్తిన మూట అట్లే ఉంది. ఎవరి సాయమూ లేకుండా పుట్టిన తర్వాత ఆమె చదివిన మొదటి మాట అదే. వత్తుతో సహా! చదివినందుకు మొగమంతా వెలిగిపోయింది, అంతలోనే కంచె పక్కనున్న ఆ ముట్టుకోని సాలును చూసి, ఆ మాటకు అర్థం తట్టి చిన్నబోయింది.

"అయివారా, ఇది నేను చెప్పినట్టు పెంచిన సాలు గదా? దీనికి శ్రద్ధ లేదని రాసినారే?"

అంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఆమెకు అక్షరాలు నేర్పింది నేనే. ఆ అక్షరాలతో ఆమెను తిట్టిందీ నేనే.

ఇన్‌స్పెక్టర్ కోటు చేతులు పైకి మడిచి, పన్నెండో సాలు దగ్గరికి పోయి ఒక చెట్టు పీకినాడు. అబ్బా! చెట్టు నిండా కాయలు, గుత్తులు గుత్తులు, గలగలమంటా! ఒక్కో కాయ ఒక్కో ఊడ కొసకు వేలాడతాండాది. నేను వారం వారం కత్తిరించిన దారాలుండాయే, అవే! పూత రాలినంక దాని నుంచి ఊడ మట్టిలోకి దిగి, ఆ కొసకే కాయ పడతాదంట. సుంకమ్మ నాయన చెప్పింది అక్షరాలా నిజమంట.

ఇన్‌స్పెక్టర్ ఆ చెట్టు పైకెత్తి, నా బోర్డులు చదివి, నా వైపు తిరిగినాడు. మొగంలో ఏ భావమూ లేదు.

"ఊడలు తీసేస్తే ఏమైతాదో పిల్లోళ్ళకు చూపించడానికే చేసినావా హెడ్మాస్టరూ? ప్రయోగమా ఇది?"

దేవుడే ఆయన నోట పలికించినాడనుకున్నా! తల దానంతట అదే ఊగింది. "అవును సార్, ప్రయోగమే" అనేసినాను.

"భేష్. పిల్లోళ్ళకు తెలుసునా? ఏమప్పా పిల్లోళ్ళూ, మీ అయివారు చెప్పింది నిజమేనా?"

అరవై మందీ ఊపిరి పీల్చుకుని, రెండేండ్లుగా రోజూ అరిచినట్టే, ఊరు దద్దరిల్లేటట్టు అరిచినారు.

"అయివారు చెప్పిందే రైటు!"

ఇన్‌స్పెక్టర్ పెదవులు అదిరినాయి. "సరే. శెనక్కాయ ఊడలకు కాస్తాదని ముందే తెలిసినోళ్ళు చెయ్యెత్తండి."

అరవై చేతులు లేచినాయి. ఒకటో తరగతి బుడ్డోళ్ళతో సహా! కంచె బయట పెద్దోళ్ళు కూడా ఎత్తినారు. ఎత్తనిది నేనొక్కణ్ణే.

"మరి తెలిసీ ఎందుకు చెప్పలేదమ్మా?" అని ముందర నిలబడిన సుంకమ్మను అడిగినాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "చెప్తే బెంచీ ఎక్కిస్తారు సార్" అనింది.

ఇంక ఏం ప్రయోగం, ఏం పాడు! ఆ పిల్ల నిజం చెప్పినంక నేను అబద్ధం మీద నిలబడితే మనిషినే కాను అనిపించింది. "సార్, ప్రయోగం కాదు. నాకు తెలీదు. పద్నాలుగేండ్లుగా తెలీకుండానే చెప్తాండా. మీరేం రాసినా నా మీద రాయండి, ఆరో తరగతి మీద మాత్రం రాయొద్దండి" అన్నాను.

ఆయన పకపకా నవ్వినాడు. మాటలు తక్కువ మనిషి, నవ్వు మాత్రం తక్కువ కాదు! "మాదీ శెనక్కాయ పండించే ఇల్లేనప్పా. నువ్వు పీకిన మొదటి చెట్టుతోనే నాకు తెలిసిపోయింది. ఏమంటావో చూస్తామని అడిగినా" అన్నాడు. తర్వాత బడిలో కూర్చుని విజిటర్ల పుస్తకంలో రాసినాడు. "విద్యార్థుల పరిజ్ఞానం మెచ్చదగినది. వయోజన విద్య ఫలించినది. ఆరో తరగతికి సిఫారసు చేయడమైనది. ప్రధానోపాధ్యాయులు కూడా నేర్చుకోగలరని ఆశించడమైనది."

ఆ 'కూడా' చూసినారా? ఇప్పటికీ రోజుకొకసారి ఆ పుట తీసి చూసుకుంటా.

ఆ పూట పన్నెండో సాలు మొత్తం పీకి, బడి ముందరే కంపలు మంటేసి కాల్చినారు. పిల్లోళ్ళకు మనిషికి ఇన్నిన్ని వచ్చినాయి. నాకూ గుప్పెడు పెట్టినారు. ఇన్నేండ్లు తిన్నా గాని, అవి యాడ కాసినాయో తెలిసి తిన్నది అదే మొదటిసారి. భలే రుచిగా ఉన్నాయప్పా!

ఇప్పుడు ఆదివారం క్లాసు మారిపోయింది. మొదటి గంట మరియమ్మక్కకు నేను గుణింతం చెప్తాను. అవును, ఇప్పుడు అక్కా అనే పిలుస్తాండా. రెండో గంట ఆమె నాకు సేద్యం చెప్తాది, పిల్లోళ్ళు చుట్టూ చేరి నేను చేసే తప్పులు చూసి నవ్వుతారు. పొద్దున ప్రార్థన అయినంక ఆ పాత అరుపు లేదు. దాని బదులు ఇంట్లో నేర్చుకున్నది ఏదైనా ఒకటి ఎవరో ఒకరు లేచి చెప్పాల. సుంకమ్మకు ప్రతిరోజూ ఏదో ఒకటి ఉంటాది, కూర్చోమన్నా కూర్చోదు! బిడ్డ దగ్గర్నుంచి వచ్చిన జాబు మరియమ్మక్క పోస్టాయన ముందరే విప్పి, గట్టిగా చదివి, "ఇంక పో నాయనా" అని పంపించిందంట.

ఇంకొకటి మరిచిపోయినా. ఇన్‌స్పెక్టర్ వచ్చి పోయిన మర్నాడు నేను బడికి పోతే, తోటలో బోర్డు ఒకటి కనపడలేదు. క్లాసులోకి పోయి చూస్తి గదా, నా కుర్చీ పక్కన నిలబెట్టి ఉండాది: 'శ్రద్ధ లేని సాలు'. పిల్లోళ్ళందరూ తలలు పలకల్లోకి దించేసి ఎంత శ్రద్ధగా రాస్తాండారో! ఎవరు పెట్టినారని నేను అడగలేదు. తీయనూ లేదు.

మొన్న ఆదివారం మరియమ్మక్క వచ్చి చూసి, ఈసారి గడగడా ఒక్క గుక్కలో చదివి, "ఇంకా దీన్ని తీయలేదా అయివారా?" అనింది.

"యాడ తీసేదక్కా," అన్నాను, "ఈ సాలుకు ఇప్పుడిప్పుడే ఊడలు దిగుతాండాయి."